మెక్సికో కవయిత్రి సోర్ హువానా

నేడు నేను మీకు వినిపింపదలచినది మెక్సికో దేశపు కవయిత్రి యొకతె చరిత్రము. ఆమె పేరు సోర్ హువానా ఇనెస్ దె లా క్రూస్. సోర్ అనగా స్పానిషు భాషలో సోదరి. క్రైస్తవ మఠములలో చేరిన సన్యాసినులను అట్లు పిలుచుట వారి యాచారము. ఈమె పదునేడవ శతాబ్దమున జీవించి 1695 వ సంవత్సరమున మరణించెను. స్పానిషు భాషలో వ్రాసిన కవులలో అగ్రశ్రేణికి చెందినదిగా ఈమెను నేటికిని ఎన్నుచున్నారు.

అంత దూరదేశమున, అంత పూర్వకాలమున బ్రదికిన యొక సన్యాసిని కథ మనకేల యని కొందరనుకొనవచ్చును. ఆమె కవిత్వము గొప్పదన్న మాట యొక్కటియే యైనచో నేను మీ సమయ మింత తీసికొనను. కాని ఆమె బ్రదుకంతయు రెండు ప్రశ్నల చుట్టు తిరిగినది. ఆడుదానికి చదువు తగునా? తగునన్నచో, ఆమెకు నేర్పువారెవరు? మొదటి ప్రశ్నకు నేడు సభలో నిలిచి కాదని చెప్పువారుండరు. రెండవ ప్రశ్నకు ఆమె యిచ్చిన సమాధానము మాత్రము గ్రామములందలి పెద్దలు, ముఖ్యముగా ఇంట మనుమరాండ్రు గలవారు, నేటికిని వినదగియున్నది.

ఆమె కథకు ముందు ఆనాటి మెక్సికో స్థితి కొంత తెలియవలెను. 1521 లో స్పెయిను సైన్యములు అస్టెక్కుల రాజధానిని జయించెను. అటుపిమ్మట మున్నూఱేండ్లు ఆ దేశము నూతన స్పెయిను అను పేర స్పెయిను రాజుల పాలనలో నుండెను. రాజు సముద్రమున కావల నుండును. ఆయనకు బదులుగా ఒక వైస్రాయి మెక్సికో నగరమున కొలువుతీరి కొన్నియేండ్లు పాలించి, తరువాతివాని కధికార మప్పగించి పోవుచుండెను. వైస్రాయితో దీటైన పలుకుబడి గలవాడు ఆర్చిబిషపు, అనగా క్రైస్తవ మతగురువులకు పెద్ద. మతమునకు విరుద్ధమైన మాట ఎవరైన పలికిరేమో, వ్రాసిరేమో యని విచారించి శిక్షించుటకు మతవిచారణ సభ యను నొక న్యాయస్థానముండెను. రాజశాసనముచే 1551 లో ఏర్పడిన విశ్వవిద్యాలయము ఆ నగరమున గలదు గాని, అందు స్త్రీలకు ప్రవేశము లేదు.

హువానా పుట్టిన పల్లె పేరు సాన్ మిగెల్ నెపాంత్లా. అది మంచు కప్పిన రెండు మహాపర్వతముల చెంత నున్నది. అందొకటి యిప్పటికిని పొగ గ్రక్కు అగ్నిపర్వతము. నెపాంత్లా యనగా అచటి పూర్వజనుల నావాత్ల్ భాషలో ‘నడుమ’ యని యర్థము. ఆమె పుట్టిన యేడును గూర్చి రెండభిప్రాయములున్నవి. తొలి చరిత్రకారుడైన కయేహా యను పాదిరి 1651 అని వ్రాసెను. తరువాత దొరకిన బాప్తిస్మపు పద్దును బట్టి 1648 అని పెక్కురు పండితు లిప్పుడు తలచుచున్నారు. తల్లి ఇసాబెల్ రామీరెస్. ఆమెకు సంతకము చేయుట సైతము రాదు. ఐనను తన తండ్రి కౌలుకు పుచ్చుకొన్న పెద్ద కమతమును ఆయన యనంతరము తానే పూని నడపించెను. హువానా తండ్రి స్పెయిను జాతీయుడు. తల్లిదండ్రులకు వివాహము కాలేదు. కావున ఆ పిల్లకు తండ్రి యండ గాని, పెండ్లికి తగిన కట్నము గాని లేకపోయెను.

హువానాకు మూడేండ్ల వయసున ఆమె యక్క ఒక పంతులమ్మ యింటికి చదువుకొనుటకు పోవుచుండెను. బాలికలకు అక్షరములు నేర్పు నట్టి యింటిబడులు ఆ దేశమున నుండెడివి. చిన్నది కొంత ప్రేమతోను కొంత ఆటగాను అక్క వెంట నడచెను. అక్కకు పాఠము చెప్పుట చూచి తనకును చదువవలెనన్న కోరిక పుట్టినది. తనకును చెప్పుమని అమ్మ చెప్పినదని పంతులమ్మతో నొక కల్లలాడెను. పంతులమ్మ ఆ మాట నమ్మలేదు. ఐనను పిల్ల ముచ్చట తీర్చుటకు పాఠము మొదలుపెట్టెను. తల్లికి సంగతి తెలియు నప్పటికి పిల్లకు చదువు వచ్చియే యుండెను. ఇది కట్టుకథ కాదు. హువానాయే పెద్దదైన పిమ్మట ఒక లేఖలో వ్రాసికొన్నది. ఆ లేఖను గూర్చి ముందు విపులముగా చెప్పెదను.

ఆ లేఖలోనే మఱికొన్ని బాల్యవిశేషములు గలవు. జున్ను తినువారి బుద్ధి మందగించునని ఎవరో చెప్పగా విని, పిల్లలకు ప్రియమైన జున్నును ఆమె మానివేసెను. ఆఱేడేండ్ల వయసున, నగరమున విశ్వవిద్యాలయమున్నదని విని, తనకు మగపిల్లవాని దుస్తులు తొడిగి అచటికి పంపుమని తల్లిని వేధించెను. తల్లి ఒప్పుకొనలేదు. అప్పుడామె తాతగారి పుస్తకముల పెట్టెల మీద పడినది. తాత పేద్రో రామీరెస్ చదువుల యందాసక్తి గలవాడు. ఆయన యింట పలువిధములైన గ్రంథములుండెను. ఎంత మందలించినను, ఎన్ని శిక్షలు వేసినను, ఆ పిల్ల వానిని విడువలేదు. పెద్దలారా, ఇచట నేనొక్క మాట మనవి చేసెదను. తల్లికి అక్షరము రాదు, తండ్రి దగ్గఱ లేడు, బడి దొరకదు. ఐనను ఆమె మహాపండితురాలగుటకు బీజము పడినది ఒక తాతగారి పుస్తకముల పెట్టెలో.

తరువాత ఆమెను మెక్సికో నగరమునకు, పినతల్లి యింటికి పంపిరి. అచట లాటిను భాష నేర్చుకొనెను. మనకు సంస్కృత మెట్లో ఆనాటి ఐరోపాకు లాటిను అట్టిది; శాస్త్రములన్నియు ఆ భాషలోనే యుండెడివి. గురువు చెప్పిన పాఠములు ఇరువదికి మించలేదు, మిగిలినదంతయు స్వయంకృషి. ఇన్ని నాళ్లలో ఇంత భాగము నేర్వవలెనని తనకు తానే గడువు పెట్టుకొనుచుండెను. గడువులోపల నేర్వనిచో, నాలుగు లేక ఆఱు వ్రేళ్ల మేర జుట్టు కత్తిరించుకొనెడిది. జుట్టు మరల పెరుగులోపల ఆ పాఠము రావలెను. రానిచో మరల కత్తెర. జ్ఞానము లేని తలకు అలంకారమేల యని ఆమె తలపు. పడుచువయసు నందలి పిల్ల, జుట్టే యందమని యెంచు లోకమున, తనకు తానే వేసికొన్న శిక్ష యిది.

ఆమె తెలివి నగరమంతట ప్రాకి, వైస్రాయి మాన్సెరా మార్క్విస్ చెవిని పడెను. ఆయన 1664 నుండి 1673 వరకు ఆ దేశమును పాలించెను. ఆయన భార్య లెయోనోర్ కార్రేతో ఈ పిల్లను చెలికత్తెగా తన యంతఃపురమునకు రప్పించుకొనెను. ఈమె పాండిత్యము నిజమా, కేవలము వాగ్ధాటియా యని తెలిసికొనగోరి, వైస్రాయి నగరములోని పండితులను సుమారు నలువదిమందిని పిలిపించెను. వేదాంతులు, గణితజ్ఞులు, చరిత్రకారులు, కవులు ఒక్కొక్కరుగా ప్రశ్నలు వేసిరి. చిన్నచిన్న పడవలు చుట్టుముట్టగా పెద్ద యోడ యెట్లు చలింపక నిలుచునో, ఆమె యట్లు నిలిచి యందఱకును సమాధానము చెప్పినదని వైస్రాయియే ముసలితనమున కయేహా పాదిరితో ముచ్చటించెనట.

కాని కొలువుకూటములోని ప్రశంస జీవనాధారము కాదు. ఆ కాలపు స్త్రీకి రెండే దారులు: పెండ్లి, లేదా మఠము. హువానాకు పెండ్లి యందిష్టము లేదు. ఇష్టమున్నను కట్నము లేదు. మఠములోనైనచో కొంత యేకాంతము దొరకునని, చదువుకొనుటకు వీలగునని ఆమె యెంచెను. 1667 లో ఒక కఠిననియమముల మఠమున చేరి, మూడు మాసములలో విడిచివచ్చెను. తరువాత సాన్ హెరోనిమో మఠమున చేరి, 1669 ఫిబ్రవరి 24 వ తేదీన శాశ్వత వ్రతములు స్వీకరించెను. మఠప్రవేశమునకును కట్నము చెల్లింపవలెను. దానిని నగరములోని ధనికు డొకడు చెల్లించెను. నాటినుండి మరణపర్యంతము ఆమె ఆ ప్రాకారము దాటి యెఱుగదు. దైవభక్తి లేక చేరినదని నే ననను. భక్తియు నుండెను, కాని చదువు మీది యాస ఆ నిర్ణయమునకు ప్రధానకారణమని ఆమెయే దాపఱికము లేక వ్రాసెను.

మఠములోనైనను కోరిన యేకాంతము పూర్తిగా దొరకలేదు. ఆమె చదువుచుండగా ప్రక్కగదిలో సన్యాసినులు పాటలు పాడుదురు. దాసీలు తగవులాడుకొని తీర్పు చెప్పుమని వత్తురు. స్నేహితురా లొకతె ముచ్చటలాడుటకై వచ్చి కూర్చుండును. ప్రార్థనలు, వ్రతములు, విధులు సరేసరి. దీనికి తోడు మఠపు జమాఖర్చులు వ్రాయుట, దస్తావేజులు కాపాడుట ఆమె పని యయ్యెను. వీని మధ్య దొరకిన సమయమున ఆమె తర్కము, గణితము, ఖగోళము, సంగీతము, ధర్మశాస్త్రము, చరిత్ర నేర్చుకొనెను. గురువు లేడు, తోడి విద్యార్థులు లేరు, సందేహము వచ్చినచో అడుగుటకు సిరాబుడ్డి తప్ప మఱెవరును లేకుండిరి. పుస్తకములు నాలుగువేలని కయేహా వ్రాసెను. అంత లేవని ఇప్పటి పరిశోధకు లందురు. ఐనను అవి ఆ దేశమున పేరుపడిన గ్రంథభాండారములలో నొకటి. సంగీతవాద్యములు, శాస్త్రపరికరములు కూడ ఆ గదిలో నుండెడివి.

ఆమె వ్రాసినవి పెక్కు విధములు. చర్చిలో పండుగలకు పాడు కీర్తనలు వ్రాసెను. వానిలో కొన్నింట నావాత్ల్ భాషను, ఆఫ్రికా నుండి బానిసలుగా తేబడిన నల్లవారి పలుకుబడిని చేర్చి, ఆ జనుల గొంతును దేవాలయములో వినిపించెను. రంగస్థలమునకు ప్రహసనములు వ్రాసెను. ప్రేమను గూర్చి, విరహమును గూర్చి, దేహము నశ్వరమనుటను గూర్చి వ్రాసిన పద్నాలుగు చరణముల పద్యములు నేటికిని అచటి బడులలో పాఠములు. మఱియొక గీతమున మగవారి ద్వంద్వనీతిని ఎండగట్టెను. స్త్రీని పాపమునకు పురికొల్పువారే, ఆమె లొంగినచో చెడినదని నిందింతురు, లొంగనిచో కఠినురాలని నిందింతురు. తామే పాడుచేసినదానిని పాడైనదని దూఱుట యే న్యాయమని ఆమె ప్రశ్న. మెక్సికోలో ఆ గీతము మిక్కిలి ప్రసిద్ధము.

1680 లో లగూనా మార్క్విస్ క్రొత్త వైస్రాయిగా వచ్చెను. ఆయన స్వాగతార్థము చర్చి యెదుట నిలుపు తోరణమునకు చిత్రములను, పద్యములను కూర్చు పని ఆమె కప్పగింపబడెను. ఆయన భార్య పారేదెస్ సంస్థానపు దొరసాని మరియా లూయిసా. ఆమెకును సోర్ హువానాకును గాఢమైన స్నేహమేర్పడెను. ఆ దొరసాని స్వదేశమునకు మరలిపోవునపుడు ఆమె వ్రాతప్రతులను వెంట గొనిపోయి, 1689 లో మాడ్రిడ్ నగరమున అచ్చువేయించెను. ఆ మేలు జరుగనిచో ఆమె రచనలలో ఎన్ని మిగిలెడివో చెప్పలేము. కవి యెంత గొప్పవాడైనను, వ్రాతను పదిలపఱచు చేయి యొకటి కావలెను గదా.

ఆమె రచనలలో అన్నింటికంటె గంభీరమైనది ‘మొదటి కల’ యను దీర్ఘకావ్యము. దానిలో 975 చరణములు గలవు. ఇతరులు కోరగా కాక, తన యిష్టముచే వ్రాసినది అదియొక్కటియే యని ఆమె చెప్పుకొనెను. కథ మిక్కిలి చిన్నది. రాత్రి యగును. పక్షులు, మృగములు, మనుష్యులు నిద్రింతురు. దేహము నిద్రించుచుండగా ఆత్మ మేల్కొని, ఎత్తైన శిఖర మెక్కి, విశ్వమంతయు ఒక్క చూపుతో గ్రహింపవలెనని యత్నించును. అంత వెలుగును కన్ను తాళలేదు, యత్నము విఫలమగును. అప్పుడు శిలల నుండి చెట్లకు, చెట్ల నుండి జంతువులకు, జంతువుల నుండి మనుష్యునకు, మెట్టు వెంట మెట్టుగా తెలిసికొనజూచును. ఒక్క నీటియూట మర్మము, ఒక్క పూవు మర్మము సైతము పూర్తిగా అంతుపట్టవు. ఇంతలో సూర్యోదయమగును, కల చెదరును. కావ్యమంతట ఆ యాత్మ స్త్రీయో పురుషుడో తెలియదు. కడపటి మాటలో మాత్రము మేల్కొన్నది స్త్రీ యని తేలును. తెలిసికొనలేకపోవుట సిగ్గు కాదు, తెలిసికొన యత్నింపకుండుటయే లోపమని ఆ కావ్యము నాకు బోధించినది.

ఇట్లు కీర్తి పెరిగిన కొలది అసూయయు పెరిగెను. ఆమెకు ఆధ్యాత్మిక గురువుగా నుండిన నూన్యెస్ దె మిరాందా యను పాదిరి మతవిచారణ సభ యందును పని చేయువాడు. సన్యాసిని లౌకిక కవిత్వము వ్రాయుట తప్పని ఆయన నలుగురిలో దూషింపగా, ఇక మీ యుపదేశము నా కక్కఱలేదని ఆమె వినయముతోనే తెగవ్రాసెను. ఆ జాబు 1980 లో మాంతెరే నగరపు మతపాఠశాల గ్రంథాలయమున బయటపడినది. పదునేడవ శతాబ్దపు సన్యాసిని తన గురువును మాన్పించుట సామాన్యమైన సాహసము కాదు.

పెద్ద ప్రమాదము 1690 లో వచ్చినది. పోర్చుగీసు దేశపు ప్రసిద్ధ పాదిరి అంతోనియో వియేరా చాల యేండ్లకు పూర్వము చేసిన యొక ప్రసంగమును ఆమె సంభాషణలో ఖండించెను. క్రీస్తు మానవులకు చూపిన ప్రేమలో మిన్న యేది యను విషయమున వారిర్వురకు భేదము. ఆ మాటలను వ్రాసి యిమ్మని కోరగా వ్రాసి యిచ్చెను. ప్వేబ్లా నగరపు బిషపు దానిని, ఆమె యనుమతి లేకయే, అచ్చువేయించెను. అంతటితో పోనీయక, ‘సోర్ ఫిలోతెయా’ యని ఆడుపేరు పెట్టుకొని, పుస్తకమునకు ముందొక లేఖ చేర్చెను. నీ తెలివి మెచ్చదగినదే. కాని లౌకిక విద్యలు చాలించి వేదాధ్యయనమునకు మరలుము, అని దాని సారాంశము. పొగడ్త పైపూత, లోపల నున్నది మందలింపు. అప్పటి ఆర్చిబిషపు అగియార్ ఇ సెయిహాస్ స్త్రీల ముఖము చూచుటకే యిష్టపడనివాడని ప్రసిద్ధి.

సోర్ హువానా 1691 మార్చి 1 వ తేదీన ప్రత్యుత్తరము వ్రాసెను. నేను మొదట చెప్పిన లేఖ యిదియే. అమెరికా ఖండములలో స్త్రీవిద్యను సమర్థించుచు వెలువడిన తొలిరచనలలో నిది ప్రధానమైనది. అందు కోపము లేదు. ఎదిరింపు వినయపు ముసుగులో నున్నది. తన బాల్యమును, తన కష్టములను చెప్పుకొని, జ్ఞానకాంక్ష దేవుడు తనలో నుంచినదే గాని తాను తెచ్చిపెట్టుకొన్నది కాదనెను. ఒకప్పుడు మఠాధిపురా లొకతె, చదువు పాపహేతువని నమ్మి, పుస్తకము ముట్టవద్దని యాజ్ఞాపించినదట. ఆ యాజ్ఞ సుమారు మూడు మాసములు సాగెను. హువానా పుస్తకము ముట్టలేదు. కాని కంట బడిన ప్రతి వస్తువును చదువుటకు మొదలిడెను.

ఆ చదువు ఎట్టిదో వినుడు. ఇద్దరు బాలికలు బొంగరము త్రిప్పుచుండిరి. హువానా కొంచెము పిండి తెప్పించి నేల మీద చల్లించి, దానిపై బొంగరము త్రిప్పించెను. బొంగరపు వేగము తగ్గిన కొలది అది గీయు గీత గుండ్రని వలయము కాక, చుట్టలు చుట్టుకొను రేఖ యగుట గమనించెను. వంటయింటిలో గ్రుడ్డు నూనెలో వేసినచో గట్టిపడును, పంచదార పాకములో వేసినచో విడిపోవును, ఏల? పాకము గడ్డకట్టకుండుటకు పుల్లని పండు నానిన నీరు రవంత చాలును, ఏల? గ్రుడ్డులోని తెలుపును పసుపును వేఱువేఱుగా పంచదారతో కలియును, రెండును కలిపినచో కలియవు, ఏల? అరిస్టాటిలు వంట చేసియున్నచో ఇంకను ఎక్కువ వ్రాసియుండునని ఆమె చమత్కరించెను. ఆడువారి తావు వంటయిల్లే యను వారికి, ఆ వంటయింటి నుండియే శాస్త్రము పుట్టగలదని చూపిన సమాధాన మిది.

తరువాత ఆమె పూర్వకాలపు విదుషీమణుల పేర్లను వరుసగా చెప్పెను. బైబిలులో తీర్పులు చెప్పిన దెబోరా, సొలోమోనును ప్రశ్నించిన షేబా రాణి, అలెగ్జాండ్రియాలో శాస్త్రములు బోధించిన హిపాషియా, తన కాలముననే జీవించిన స్వీడను రాణి క్రిస్టీనా మొదలగు వారందు గలరు. సంఘములో స్త్రీలు మౌనముగా నుండవలెనన్న పౌలు వాక్యమును ఎదిరివారు చూపుదురు గదా. దాని కర్థము బహిరంగముగా వేదికపై బోధింపరాదని మాత్రమే గాని, ఇంట చదువరాదని, వ్రాయరాదని, నేర్పరాదని కాదని ఆమె వ్యాఖ్యానము. పై పెచ్చు, ఆ నియమము అర్హత లేని మగవారికిని వర్తింపవలెననెను. మిడిమిడి జ్ఞానము గల పురుషుని చేతి శాస్త్రము పిచ్చివాని చేతి కత్తి వంటిదని ఆమె యభిప్రాయము.

ఇక నేను మొదట చెప్పిన రెండవ ప్రశ్నకు వత్తును. నేర్పువారెవరు? ఆ కాలమున కుమార్తెలకు చదువు చెప్పింపగోరు తండ్రులు లేకపోలేదు. కాని నేర్పుటకు చదువుకొన్న స్త్రీలు దొరకరు. పురుషుని గురువుగా ఇంటికి పిలిచినచో అపాయములు, అపవాదములు వచ్చునని వెఱపు. ఆ వెఱపుచే తండ్రులు తమ బిడ్డలను అజ్ఞానములోనే విడిచిపెట్టుచుండిరి. సోర్ హువానా ఆ వెఱపును కొట్టిపాఱవేయలేదు. అందు నిజమున్నదని యొప్పుకొనెను. ఒప్పుకొని, మందు చెప్పెను. చదువు వచ్చిన వృద్ధస్త్రీలు బాలికలకు గురువులు కావలెను. కుట్టుపని, అల్లిక ఎట్లు పెద్దల నుండి పిన్నలకు వచ్చుచున్నవో చదువు నట్లే రావలెను. కాని నేటి బాలికకు చదువు లేకున్నచో రేపటి వృద్ధురాలికి చదువెక్కడిది? ఒక తరమును మాన్పించినచో, తరువాతి తరమునకు గురువును కూడ మాన్పించినట్లే. నా మట్టుకు నాకు ఆ లేఖ యంతటిలోను బలమైన వాదమిదియే.

ఆ లేఖ ఆమె బ్రదికియుండగా అచ్చుకాలేదు. ఇంతలో దేశమునకు చెడ్డకాలము వచ్చినది. 1691 లో అతివృష్టిచే పంటలు చెడి, మొక్కజొన్న దొరకక కఱవు పుట్టెను. 1692 జూను 8 వ తేదీన ఆకలిగొన్న ప్రజలు తిరుగబడి వైస్రాయి భవనమునకు నిప్పు పెట్టిరి. ఆమెను ఆదరించు దొరలు ఒక్కరొక్కరుగా దూరమైరి. ఆర్చిబిషపు పలుకుబడి పెరిగెను. పూర్వము ఆమె మాన్పించిన నూన్యెస్ పాదిరి మరల గురువుగా వచ్చెను. ఆమె తన పుస్తకములను, పరికరములను బీదల నిమిత్తము విక్రయింప నిచ్చివేసెను. 1694 లో తన రక్తముతో సంతకము చేసి, దైవసేవకే యంకితమగుదునని ప్రతిజ్ఞాపత్రము వ్రాసెను. మఠపు పుస్తకమున తన్ను తాను అందఱలోను అధమురాలినని వ్రాసికొనెను.

ఇది మనఃపూర్వకమైన వైరాగ్యమా, బలాత్కారమునకు లొంగుబాటా యని పండితులు నేటికిని వాదించుచున్నారు. భక్తియే యని కొందరు. ఒత్తిడియే యని మఱికొందరు. నేను తీర్పు చెప్పజాలను. కాని యొక్క సంగతి స్పష్టము. నలువదేండ్లు పుస్తకమును విడువని చేయి విడిచినది. ఆ విడుచుట వలన ఎవరికిని మేలు కలుగలేదు. మందలించిన పెద్దల పేర్లను నేడు లోకము తలచుట ఆమె చరిత్రలో వారు తగులుటచేతనే.

1695 లో నగరమున అంటురోగము వ్యాపించి మఠములో ప్రవేశించెను. సోర్ హువానా రోగపీడితలైన తోడి సన్యాసినులకు పరిచర్య చేయుచు, తానును ఆ రోగమునకు గురియై, ఏప్రిలు 17 వ తేదీన మరణించెను. అప్పుడామె వయసు నలువది దాటి యేబది లోపు. 1700 లో ఆమె తక్కిన రచనలతో కూడ ఆ లేఖయు మాడ్రిడ్‌లో అచ్చయ్యెను.

అటుపిమ్మట చాలకాలము లోక మామెను మఱచినది. ఇరువదవ శతాబ్దమున మరల తలచుకొన్నది. మనదేశమున 1962 నుండి 1968 వరకు మెక్సికో రాయబారిగా నుండి, 1990 లో నోబెలు బహుమానము నందుకొన్న మహాకవి ఒక్తావియో పాస్ ఆమె జీవితమును గూర్చి 1982 లో ఒక బృహద్గ్రంథము ప్రకటించెను. ఆమె నివసించిన మఠమున నేడు ఆమె పేర విశ్వవిద్యాలయమున్నది. 2020 లో వెలువడిన నూఱు పెసోల నోటు మీద ఆమె ముఖచిత్రము ముద్రింపబడినది. మగవేషము వేసియైనను విశ్వవిద్యాలయమునకు పంపుమని యేడ్చిన పిల్ల గది, చివరకు తానే విశ్వవిద్యాలయమైనది.

పెద్దలారా, విగ్రహములు, నోట్లు గౌరవమునకు గుర్తులే గాని, ఆమె కోరినవి యవి కావు. ఆమె కోరినది చదువుకొన్న పెద్దమ్మలు చిన్నపిల్లలను చేరదీయుట. మన యూళ్లలో నేడు బడులున్నవి. ఐనను పెద్దబడి ప్రక్కయూరిలో నున్నదని, తోడు లేదని, నలుగురేమందురో యని, ఈడు వచ్చిన పిల్లను చదువు మాన్పించు నిండ్లింకను గలవు. ఆ వెఱపు క్రొత్తది కాదు. సోర్ హువానా నాటిదే. దానికి మందును ఆమె నాడే చెప్పినది. మీ యూరిలో చదువు వచ్చిన యవ్వలు, ఉద్యోగము చాలించిన పంతులమ్మలు నుందురు. సాయంకాలము వారి యరుగు మీద నలుగురు పిల్లలు కూర్చుండి చదువుకొను నేర్పాటు చేయుట పెద్దలకు కష్టమైన పని కాదు. మీ యింట పాతపుస్తకముల పెట్టె యున్నచో, దానికి తాళము వేయకుడు. ఏ మనుమరాలు దానిని తెఱచునో మన మెఱుగము.